వజీఫా కథ: పరీక్షకు ముందా, తర్వాతా?



స్కాలర్‌షిప్ అనే మాటకు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ వాడే మాట ‘వజీఫా’. పిల్లవాడికి వజీఫా వచ్చిందంటే అది డబ్బు మాత్రమే కాదు, బస్తీలో ఒక గౌరవం. ఫలానా వారి అమ్మాయికి వజీఫా దొరికిందట అని నలుగురూ చెప్పుకుంటారు. ఆ నలుగురిలో ముగ్గురు తమ పిల్లల వంక చూసి నిట్టూరుస్తారు కూడా.

ఈనాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా చూడండి. గోడల నిండా పరీక్షల పేర్లే, ర్యాంకుల అంకెలే. మార్కును బట్టి, ర్యాంకును బట్టి చదువుకు డబ్బు ఇచ్చే పద్ధతి ఇవాళ మన పిల్లల బతుకులను నిర్ణయిస్తున్నది. ఈ పద్ధతి ఎక్కడ నుంచి వచ్చింది? ఎవరికి తలుపు తీసింది? ఎవరిని గుమ్మం బయట నిలబెట్టింది? ఈ సంగతులు తెలిస్తేగాని మన సంఘం ఏటా కూడబెట్టే విద్యా నిధిని ఎక్కడ ఖర్చు పెట్టాలో తేలదు. అందుకే ఈ చరిత్రను సభ్యుల ముందు ఉంచుతున్నాము.

సిఫారసు స్థానంలో పరీక్ష

ముందుగా పరీక్షకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. పరీక్ష లేని కాలంలో ఏముండేది? సిఫారసు ఉండేది. దర్బారులో తెలిసినవాడుంటే కొలువు, లేకుంటే లేదు. చైనా దేశంలో దాదాపు 1300 సంవత్సరాలు పరీక్ష పెట్టి ఉద్యోగులను ఎంచుకున్నారు. ఆ పద్ధతి 1905లో రద్దయింది. మన దేశంలో ఈస్టిండియా కంపెనీ కొలువులు మొదట డైరెక్టర్ల సిఫారసు మీదనే నడిచాయి. 1855 నుంచి సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష వచ్చింది. గొప్పింటి బిడ్డ అయినా, బీదింటి బిడ్డ అయినా జవాబు కాగితం ఒక్కటే.

మాట వినడానికి బాగుంది. కాని ఆ పరీక్ష జరిగేది లండనులో! ఓడ టిక్కెట్టు కొనగలిగినవాడు, అక్కడ నెలల తరబడి ఉండి చదువుకోగలిగినవాడు మాత్రమే రాయగలడు. సత్యేంద్రనాథ్ ఠాకూర్ 1863లో నెగ్గి, ఆ సర్వీసులో చేరిన మొదటి భారతీయుడయ్యాడు. ఆయన తెలివి గురించి ఎవరికీ సందేహం లేదు. అయితే ఆయన ఠాకూర్ల ఇంటి బిడ్డ అనే సంగతి కూడా మరచిపోరాదు. ఈ పరీక్షను మన దేశంలో కూడా పెట్టడం 1922లోగాని మొదలుకాలేదు. అంటే చట్ట ప్రకారం తలుపు తెరిచే ఉన్నది, ఆ తలుపు దాకా నడిచే దారి ఖర్చు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. మిగతా కథంతా ఇదే.

సరోజిని వజీఫా, సరూర్‌నగర్ అనాథాలయం

ఇక మన హైదరాబాదుకు వద్దాం. 1891లో పన్నెండేళ్ళ బాలిక మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకుంది. హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ చట్టోపాధ్యాయ ఆమె. తర్వాత సరోజినీ నాయుడుగా దేశమంతా ఎరిగింది. 1895లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఆమెకు వజీఫా ఇచ్చి ఇంగ్లండు పంపింది. లండను కింగ్స్ కాలేజీలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీలోను ఆమె చదివింది. మన నగర చరిత్రలో పరీక్ష ఫలితానికి దక్కిన వజీఫా అంటే మొదట తలచుకోవలసిన పేరు ఇదే. అందులోనూ ఒక ఆడపిల్ల పేరు. ఈ విషయం మన ఇళ్ళల్లో అమ్మాయిలకు తప్పక చెప్పాలి.

అయితే ఆ బాలిక ఇల్లు ఎటువంటిదో కూడా చెప్పాలి. తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఎడిన్‌బరోలో డాక్టరేట్ పొందినవాడు, తర్వాత నిజాం కాలేజీగా మారిన హైదరాబాదు కాలేజీని స్థాపించినవాడు. ఇంట్లోనే పుస్తకాలు, ఇంట్లోనే ఇంగ్లీషు, ఇంట్లోనే గురువు. ఆమె ప్రతిభ నిజమే, దానికి నీరు పోసిన చేయి కూడా నిజమే. వజీఫా వచ్చింది 1895లో. నీరు పోయడం అంతకు పదేళ్ళ ముందు నుంచే జరిగింది.

అదే నిజాం కాలంలో మన వైపు ఇంకొక పని జరిగింది. 1901లో విక్టోరియా రాణి మరణించాక ఆమె పేరుతో అనాథ పిల్లల కోసం సరూర్‌నగర్‌లో విక్టోరియా మెమోరియల్ అనాథాలయం వెలిసింది. మనం రోజూ దాని ముందు నుంచే పోతుంటాం. మెట్రో స్టేషనుకు కూడా ఆ పేరే పెట్టారు. అక్కడ చేరడానికి మొదటి ర్యాంకు అక్కర్లేదు. అవసరం ఉంటే చాలు, అన్నం, బట్ట, చదువు దొరికేవి.

ఈ విధంగా ఒకే పాలకుని కాలంలో రెండు రకాల సాయం కనిపిస్తుంది. గెలిచినవారికి ఇచ్చేది ఒకటి, అవసరంలో ఉన్నవారికి ఇచ్చేది ఇంకొకటి. ఈ రెండింటికీ నడుమ ఒక వంతెన ఉండాలి. అవసరంలో ఉన్న పిల్లను గెలిచే పిల్లగా తయారుచేసే వంతెన అది. దానిని ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నదే ఆ తర్వాత నూరేళ్ళ చరిత్ర.

పరీక్ష ఏ భాషలో?

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అన్ని శాస్త్రాలనూ ఒక భారతీయ భాషలో, అనగా ఉర్దూలో, బోధించిన మొదటి విశ్వవిద్యాలయం అదే. దానికోసం దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టి గణితం, వైద్యం, న్యాయం, ఇంజనీరింగు పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. అక్కడ చదువుకున్న డాక్టర్ రజియుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జి వెళ్ళారు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మహా శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ వద్ద డాక్టరేట్ పొందారు. తిరిగివచ్చి ఉస్మానియాలో గణితం బోధించారు. మన బస్తీ భాషలో చదివితే బుర్ర ఎదగదు అనేవారికి ఆయన జీవితమే సమాధానం.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అదే ఉర్దూ, తెలుగు పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఒక గోడ అయింది. ఇంట్లో ఒక భాష, పరీక్షలో ఇంకొక భాష. వాళ్ళు ఆ గోడ ఎక్కి చదువుకున్నారు. 1948 తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది. అప్పుడు గోడ మన పిల్లల వైపుకు జరిగింది. ఉర్దూ బడిలో పదేళ్ళు చదివిన పిల్ల ఒక్కసారిగా ఇంగ్లీషు ప్రశ్నాపత్రం ముందు కూర్చోవలసి వచ్చింది. తెలివి మారలేదు, కొలిచే గజం మారింది. గజం మారినప్పుడు కొత్త గజం గురించి ముందుగా తెలిసినవాడే ముందుంటాడు.

ఈ భాష విషయంలో ఆలస్యంగానైనా కొంత మేలు జరిగింది. మన రాష్ట్రంలో ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) ప్రశ్నాపత్రం ఇంగ్లీషుతో పాటు ఉర్దూలో కూడా ఇస్తున్నారు. వైద్య విద్యకు దేశమంతటికీ జరిగే నీట్‌ను సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 నుంచి ఉర్దూలో కూడా రాయవచ్చు. ప్రశ్నాపత్రం ఉర్దూలో దొరికినంత మాత్రాన తయారీ పుస్తకాలు, అభ్యాస పత్రాలు ఉర్దూలో అంత సులువుగా దొరకడం లేదు. సగం వంతెన కట్టి ఆపినట్లయింది.

ఢిల్లీ నుంచి వచ్చిన పరీక్ష, సర్వేల్ నుంచి వచ్చిన పాఠం

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ప్రతిభావంతులకు దేశవ్యాప్తంగా వజీఫా ఇవ్వాలనే ఆలోచన బలపడింది. 1961-62లో జాతీయ మెరిట్ స్కాలర్‌షిప్ పథకం బోర్డు పరీక్షల మార్కుల ఆధారంగా మొదలైంది. 1963లో ఎన్.సి.ఇ.ఆర్.టి. సంస్థ ఢిల్లీలో విజ్ఞాన ప్రతిభాన్వేషణ పరీక్షను 10 స్కాలర్‌షిప్‌లతో ఆరంభించింది. మరుసటి ఏడే దానిని దేశమంతటికీ విస్తరించి 350 చేశారు. 1976లో సాంఘిక శాస్త్రాలు, ఇంజనీరింగు, వైద్యం కూడా కలిపి, పేరు మార్చి, సంఖ్యను 500కు పెంచారు. అప్పటి నుంచే మానసిక సామర్థ్య పరీక్ష ఒకటి, పాఠ్యాంశాల పరీక్ష ఒకటి వచ్చాయి. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పద్ధతి మన పిల్లలకు ఈ దారినే ఎక్కువగా పరిచయమైంది. 1985లో దీన్ని రాష్ట్ర స్థాయి, జాతీయ స్థాయి అని రెండు మెట్లు చేశారు. 2000లో 1000, 2019లో 2000 స్కాలర్‌షిప్‌లు అయ్యాయి. తీరా 2021తో ఆ పరీక్ష ఆగిపోయింది.

ఈ పరీక్షలో మన బస్తీల నుంచి ఎందరు నెగ్గారన్న లెక్క మేము ఇక్కడ పెట్టబోము. అడగవలసిన ప్రశ్న వేరు. అసలు మన బస్తీ బడుల్లో ఎందరికి దరఖాస్తు అందింది? ఈ పరీక్ష ఉన్నదన్న సంగతే తెలియకుండా పదో తరగతి దాటిన తరాలు మన ఇళ్ళల్లో ఉన్నాయి. ఓడిపోవడం వేరు, పందెం జరుగుతున్నదని తెలియకపోవడం వేరు.

దీనికి భిన్నమైన ప్రయోగం మన వైపే జరిగింది. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో, పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని పోతే చేరే ఊరే అది. అక్కడా ప్రవేశ పరీక్ష ఉంది. తేడా ఎక్కడంటే, ఆ పరీక్ష చిన్న వయసులో పెట్టారు, నెగ్గిన పల్లెటూరి పిల్లలకు ఆ తర్వాత ఏళ్ళ తరబడి తిండి, వసతి, మంచి ఉపాధ్యాయులు ఇచ్చారు. చిన్న పరీక్ష పెట్టి పెద్ద పరీక్షలకు తయారుచేశారన్నమాట. 1986లో వచ్చిన నవోదయ విద్యాలయాలదీ ఇదే మార్గం. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలై తర్వాత 204కు పెరిగాయి. మనం పైన చెప్పిన వంతెన అంటే ఇదే.

ర్యాంకు అంటే ఫీజు

1980ల నాటికి ఇంజనీరింగు, మెడికల్ సీట్ల కోసం తొక్కిసలాట మొదలైంది. ప్రైవేటు కళాశాలలు ‘డొనేషన్’ పేరుతో వసూళ్ళు చేయసాగాయి. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఆ దశాబ్దం నడుమ నుంచి ఎంసెట్ మన ఇళ్ళల్లో రోజువారీ మాట అయింది.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రైవేటు కళాశాలల్లో సీట్లు రెండు భాగాలయ్యాయి. సగం ‘ఫ్రీ సీట్లు’, మిగతావి ‘పేమెంట్ సీట్లు’. మంచి ర్యాంకు వచ్చినవాడికి ప్రభుత్వ కళాశాల ఫీజుతోనే ప్రైవేటులో చదువు. ర్యాంకు తగ్గినవాడు ఎక్కువ ఫీజు కట్టాలి. ఆలోచించి చూడండి, ఇది కూడా పేరు చెప్పని వజీఫాయే. ఆ రోజుల్లో ‘మావాడికి ఫ్రీ సీటు వచ్చింది’ అని తండ్రులు ఎంత గర్వంగా చెప్పుకునేవారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే ఫ్రీ సీటు ఎవరికి వచ్చింది? మంచి కోచింగుకు ముందుగా డబ్బు పెట్టగలిగిన ఇంటి పిల్లలకే తరచుగా వచ్చింది. కోచింగుకు డబ్బు లేని ఇంటి పిల్ల పేమెంట్ సీటుకు డబ్బు ఎక్కడ నుంచి తెస్తుంది? ఉన్నవాడికి తక్కువ ఫీజు, లేనివాడికి ఎక్కువ ఫీజు అనే తిరకాసు ఏర్పడింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసు తీర్పుతో ఆ పద్ధతి పోయింది. తర్వాత కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా అనే మాటలు వచ్చాయి.

2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటు తెచ్చింది. దీనికి ముందటి ఏడు, అంటే 2007లో, ముస్లింలలోని 14 వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. దానిని 2010లో హైకోర్టు కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతూ వచ్చింది. ఈ రెండూ కలిసి మన బస్తీల నుంచి ఎందరో మొదటి తరం పిల్లలను ఇంజనీరింగు కళాశాల గేటు దాటించాయి. మెకానిక్కు కొడుకులు, కుట్టుపని చేసే తల్లుల కూతుళ్ళు పట్టాలు తెచ్చుకున్నారు. ఇది మరువరాని మేలు.

2012 నుంచి ఇందులోనూ ర్యాంకు ప్రవేశించింది. ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చిన బి.సి. విద్యార్థులకు, బి.సి.-ఇ వారితో సహా, పూర్తి ఫీజు ప్రభుత్వం కడుతుంది. ఆ ర్యాంకు దాటితే సాధారణంగా 35,000 రూపాయల వరకే. కళాశాల ఫీజు లక్ష దాటి ఉంటే మిగిలినది తండ్రి నెత్తిన పడుతుంది. 10,000 ర్యాంకు పిల్లకూ 10,001 ర్యాంకు పిల్లకూ తెలివిలో ఎంత తేడా? ఒక్క ప్రశ్న కూడా ఉండదేమో. ఫీజులో తేడా మాత్రం నాలుగేళ్ళకు లక్షల్లో ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్న దగ్గర పిల్లకు అలవాటు ఉందా లేదా అన్నదే అసలు విషయం.

సచార్ నివేదిక తర్వాత

2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వెలువడింది. పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరే ముస్లిం అనీ, పై డిగ్రీల్లో ప్రతి 50 మందికి ఒక్కరే అనీ అది తెలిపింది. మన రాష్ట్రంలో మాత్రం ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే ఎక్కువగానే ఉండేది. దీని అర్థమేమిటి? మన పిల్లలు బడికి పోతున్నారు, చదువుతున్నారు, పై మెట్టు దగ్గర ఆగిపోతున్నారు.

ఆ నివేదిక తర్వాత, 2007-08లో, కేంద్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల వృత్తివిద్యకు మెరిట్-కమ్-మీన్స్ స్కాలర్‌షిప్‌ను ఏటా 20,000 మందికి లెక్కన మొదలుపెట్టింది. కుటుంబ ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. 30 శాతం ఆడపిల్లలకు కేటాయించారు. కోర్సు ఫీజుకు ఏటా 20,000 రూపాయల వరకు ఇచ్చేవారు. 2021-22తో ఈ పథకం ఆమోద కాలం తీరింది. ఆ తర్వాత అది ముందుకు సాగలేదు. వజీఫాలు శాశ్వతం కావు, ప్రభుత్వాలతో పాటు వస్తాయి, పోతాయి అనడానికి ఇదొక సాక్ష్యం.

2015లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పెట్టింది. మొదట 10 లక్షలు, తర్వాత 20 లక్షల రూపాయలు. సరోజినికి ఇంగ్లండు వజీఫా దొరికిన నూట ఇరవై ఏళ్ళకు మళ్ళీ మన నగరం నుంచి పిల్లలు వజీఫా మీద సముద్రం దాటసాగారు. దీనికి డిగ్రీలో 60 శాతం మార్కులు, జి.ఆర్.ఇ.లో 260 లేక జిమ్యాట్‌లో 500, టోఫెల్‌లో 60 లేక ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో 6 ఉండాలన్నారు.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. జి.ఆర్.ఇ.లోని రెండు ప్రధాన భాగాలు ఒక్కొక్కటి 130తో మొదలై 170తో ముగుస్తాయి. అంటే 260 అనేది ఆ పరీక్షలో వచ్చే అతి తక్కువ మార్కు! కూర్చుని రాసిన ప్రతివారికీ అది వస్తుంది. కనుక ఆ నిబంధన తెలివిని అడ్డుకోవడం లేదు. మరి ఏది అడ్డుకుంటున్నది? జి.ఆర్.ఇ., టోఫెల్ పరీక్షల ఫీజులే కలిపి ముప్పై వేలు దాటిపోతాయి. ఆపైన పాస్‌పోర్టు, దరఖాస్తులు, వీసా, విమానం. స్కాలర్‌షిప్ మొదటి వాయిదా అక్కడ దిగినట్లు కాగితం చూపిన తర్వాత, రెండోది మొదటి సెమిస్టరు ఫలితం వచ్చిన తర్వాత. 1855 నాటి ఓడ టిక్కెట్టు ప్రశ్న మళ్ళీ మన ముందు నిలిచింది. ఇరవై లక్షలు ఇవ్వడానికి ప్రభుత్వం సిద్ధంగా ఉన్నా, ముందు పెట్టవలసిన ముప్పై నలభై వేలు లేక ఆగిపోయేవారి సంగతేమిటి?

మన రోడ్డు మీద ఏం జరిగింది

దిల్‌సుఖ్ రాం అనే పాతకాలపు భూస్వామి పేరు మీద వెలిసిన దిల్‌సుఖ్‌నగర్, లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్.బి.నగర్ ఇలా కోచింగుల దారి ఎందుకయ్యాయి? నల్గొండ, ఖమ్మం, విజయవాడ నుంచి వచ్చే బస్సులు, సాగర్ రోడ్డు బస్సులు నగరంలో అడుగుపెట్టేది ఈ దారినే. ఊరి నుంచి ట్రంకుపెట్టెతో దిగిన పిల్లవాడికి చైతన్యపురిలోనో కొత్తపేటలోనో గది దొరికేది, పక్కనే మెస్సు దొరికేది. గదులున్న చోటికి కోచింగులు వచ్చాయి, కోచింగులున్న చోటికి ఇంకా గదులు వచ్చాయి. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ దాకా నడవడంతో ఈ దారి ఇంకా రద్దీ అయింది.

ఇక్కడి కళాశాలలు కొన్ని తమంతట తామే ‘టాలెంట్ టెస్టు’ పెట్టి, మార్కును బట్టి ఫీజు తగ్గిస్తామంటాయి. అది కూడా ఒక రకం వజీఫాయే. కాని తల్లిదండ్రులు జాగ్రత్తగా చూసుకోవాలి. తగ్గించినది మొదటి ఏడుకా, రెండేళ్ళకూనా? హాస్టలు, పుస్తకాల ఖర్చు ఎంత? కాగితం మీద రాసి ఇస్తారా? ఈ మూడు అడగకుండా సంతకం చేయవద్దని మా విన్నపం.

విచారించవలసిన సంగతి ఏమంటే, ఎక్కడో మారుమూల నుంచి పిల్లలు ఈ రోడ్డుకు వచ్చి నెగ్గి పోతున్నారు. ఈ రోడ్డు వెనుక గల్లీల్లో, సైదాబాద్, మూసారాంబాగ్, సరూర్‌నగర్, చంపాపేట, హయాత్‌నగర్‌లలో పుట్టిన మన పిల్లలు మాత్రం ఆ బోర్డులను చూస్తూ పక్క నుంచి పోతున్నారు. బడికీ కోచింగుకూ దూరం అరమైలు. ఆ అరమైలు నడిపించే చేయి కావాలి.

పరీక్షకు ముందు పది రూపాయలు

ఇప్పటి వరకు చెప్పిన చరిత్రలో ఒక్కటే సూత్రం. 1855 సివిల్ సర్వీసు కానీ, 1993 ఫ్రీ సీటు కానీ, 2015 ఓవర్సీస్ కానీ, డబ్బు ఎప్పుడూ పరీక్ష తర్వాత వచ్చింది. మనకు లోటు ఎప్పుడూ పరీక్షకు ముందు ఏర్పడింది. కాగా మన సంఘాలు కూడా అదే పద్ధతి పట్టుకున్నాయి. ఫలితాలు వచ్చాక సభ పెట్టి, దండ వేసి, కవరు ఇచ్చి, ఫొటో తీయిస్తాము. మంచిదే, మానవద్దు. కాని నెగ్గినవాడికి వంద ఇచ్చే చోట, నెగ్గవలసినవాడికి ముందుగా పది ఇస్తే ఆ పది ఎక్కువ పనిచేస్తుంది. నిధి పెంచమని మేము అడగడం లేదు, తేదీ మార్చమని అడుగుతున్నాము.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఎనిమిదో తరగతిలో. 2008లో మొదలైన జాతీయ మీన్స్-కమ్-మెరిట్ స్కాలర్‌షిప్ దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి ఇస్తారు. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు రాయాలి. కుటుంబ ఆదాయం ఏటా 3.5 లక్షల లోపు ఉండాలి. మానసిక సామర్థ్యానికి 90 మార్కులు, పాఠ్యాంశాలకు 90 మార్కులు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. మన వైపు ఉర్దూలో కూడా రాయవచ్చు. నెలకు వెయ్యి రూపాయలంటే కొందరికి చిన్నది కావచ్చు. పదో తరగతి తర్వాత ‘ఇక చాల్లే’ అనిపించుకోబోయే ఆడపిల్లకు అది చిన్నది కాదు. ఆ వెయ్యి ఆమె తరఫున ఇంట్లో మాట్లాడుతుంది.

ఇందుకోసం సంఘం చేయదగిన పనులు నాలుగు కనబడుతున్నాయి. మొదటిది, ఎనిమిదో తరగతి పిల్లల పేర్లు మన బస్తీలవారీగా రాసుకోవడం. రెండవది, ఆదివారం ఆదివారం రెండు గంటలు మానసిక సామర్థ్య ప్రశ్నలు చేయించడం. అంకెల వరుస, బొమ్మల పోలిక, మాటల జత వంటివి తెలివి కన్న అలవాటుతో వస్తాయి. మన ఇంజనీరింగు పిల్లలు ఈ పాఠాలు చెప్పగలరు. మూడవది, ఈఏపీసెట్, నీట్, జి.ఆర్.ఇ. వంటి పరీక్షల దరఖాస్తు ఫీజును ముందుగా అప్పుగానైనా ఇచ్చే చిన్న నిధి. వజీఫా వచ్చాక తిరిగి కట్టించుకుంటే అదే డబ్బు ఇంకొకరికి పనికి వస్తుంది.

నాలుగవది చిన్నదిగా కనబడుతుంది, కాని దీనివల్లనే వజీఫాలు పోతున్నాయి. పేరు! ఒకే పిల్లవాడు బడి రిజిష్టరులో ‘మహమ్మద్’, ఆధార్‌లో ‘మొహమ్మద్’, బ్యాంకు పుస్తకంలో ‘ఎండీ’. అమ్మాయి పేరు ఒక చోట ‘బేగం’తో, ఇంకొక చోట ‘సుల్తానా’తో, మరొక చోట ఏదీ లేకుండా ఉంటుంది. కంప్యూటరుకు వీళ్ళు ముగ్గురు మనుషులు. దరఖాస్తు తిరిగివస్తుంది, గడువు దాటుతుంది. పదో తరగతి మెమో రాకముందే, ఎనిమిదిలో ఉండగానే, పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అన్ని కాగితాల్లో ఒకటిగా చేయిస్తే ముందు ముందు సగం తిప్పలు తప్పుతాయి. ఆదాయం, కులం సర్టిఫికెట్లు కూడా పరీక్ష నెలలో కాక సెలవుల్లోనే తీసుకోవాలి.

కొందరు సభ్యులు అడగవచ్చు: ‘పరీక్ష ఒక్కటే మనిషి కొలతా? మార్కు రాని పిల్ల పనికిరానిదా?’ కాదు, ముమ్మాటికీ కాదు. పరీక్ష కొలిచేది కొద్ది గంటల్లో ఇచ్చే జవాబులను మాత్రమే. అందుకే మార్కు రాని పిల్లలకు, అనాథలకు, తండ్రి మంచాన పడిన ఇళ్ళకు ఇచ్చే సాయం యథాతథంగా సాగాలి. సరూర్‌నగర్ అనాథాలయం ర్యాంకు అడగలేదు, మనమూ అడగరాదు. అయినా ప్రపంచం పరీక్షను అడుగుతున్నంత కాలం, మన పిల్ల ఆ గదిలోకి చేతులు వణకకుండా వెళ్ళేటట్లు చూడటం మన బాధ్యత. సిఫారసు లేని ఇంటికి పరీక్షే సిఫారసు.

కార్యవర్గం రాబోయే సమావేశంలో విద్యా నిధి ఖర్చును చర్చించేటప్పుడు ఈ విషయాన్ని పరిశీలించగలరని ఆశిస్తున్నాము. తల్లిదండ్రులు మాత్రం సమావేశం దాకా ఆగనక్కరలేదు. ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్ల గాని పిల్లవాడు గాని ఉంటే, ఈ సంచిక మూసి ఆధార్ కార్డును, బడి కాగితాన్ని పక్క పక్కన పెట్టి పేరు సరిచూడండి. తేడా ఉంటే రేపే సరిచేయించండి. అక్కడే మొదలవుతుంది వజీఫా.